నలభై దాటాక నర్సింగ్ సీటు

నలభై దాటాక ఇక్కడ అమెరికాలో నర్సింగ్‌లో చేరానంటే తెనాలిలో మా పిన్ని మొదట అడిగింది, "ఈ వయసులో నీకు సీటెవరిచ్చారే?" అని. అడగాల్సిన ప్రశ్నే. మన దగ్గర నర్సింగ్ అంటే ఇంటర్ అవగానే చేరే చదువు. అమెరికాలోనూ ఒకప్పుడు అంతే, పైగా కట్టుబాట్లు ఇంకా ఎక్కువ.

ఇక్కడ 1873లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో నైటింగేల్ పద్ధతిలో శిక్షణ మొదలైంది. తర్వాత చాలా ఆసుపత్రులు సొంత నర్సింగ్ స్కూళ్లు పెట్టుకున్నాయి. పేరుకు చదువే గానీ, వార్డులు నడిచింది ఆ విద్యార్థినుల చాకిరీ మీదే. హాస్టల్లోనే ఉండాలి. పెళ్లి చేసుకుంటే చాలాచోట్ల ఇంటికి పంపేసేవారు. నల్లజాతి అమ్మాయిలను ఎక్కువ స్కూళ్లు గడప తొక్కనిచ్చేవి కావు. ఇక పిల్లల తల్లిని ఎవరు చేర్చుకుంటారు?

ఈ తలుపు ఎవరి జాలివల్లా తెరుచుకోలేదు. నర్సుల కొరత తెరిపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో నర్సులు చాలక ప్రభుత్వం 1943లో క్యాడెట్ నర్స్ కోర్ పెట్టింది. ఫీజు, యూనిఫాం, నెలనెలా భత్యం ఇచ్చి లక్ష మందికి పైగా నర్సులను తయారు చేయించింది. యుద్ధం ముగిసినా కరువు తీరలేదు. 1946 నాటి హిల్-బర్టన్ చట్టం డబ్బుతో చిన్న ఊళ్లలో కూడా ఆసుపత్రులు లేచాయి. వాటికి నర్సులేరీ?

అప్పుడు మిల్‌డ్రెడ్ మోంటాగ్ అనే నర్సింగ్ అధ్యాపకురాలు కొలంబియా టీచర్స్ కాలేజీలో చేసిన పరిశోధన 1951లో పుస్తకంగా వచ్చింది. నర్సింగ్ చదువును ఆసుపత్రి చేతిలోంచి తీసి కమ్యూనిటీ కాలేజీలో పెట్టండి, రెండేళ్లలో ముగించండి అన్నదామె. మరుసటి ఏడాది నుంచి కొన్ని కాలేజీల్లో ప్రయోగం మొదలైంది. ఇంటి దగ్గరి కాలేజీ, హాస్టల్ షరతు లేదు. పెళ్లయినవాళ్లు, వయసులో పెద్దవాళ్లు, మగవాళ్లు వచ్చి చేరారు. అందరిలాగే లైసెన్సు పరీక్ష రాసి పాసయ్యారు.

రెండేళ్ల చదువు చాలా, నాలుగేళ్లు కావాలా అన్న తగువు మాత్రం ఇంకా తెగలేదు. నర్సుకు నాలుగేళ్ల డిగ్రీ ఉండాలని అమెరికన్ నర్సుల సంఘం 1965లోనే తేల్చి చెప్పింది. రెండేళ్ల చదువుతో లైసెన్సు తీసుకున్నవాళ్లు పదేళ్లలోపు ఆ డిగ్రీ పూర్తిచేయాలని న్యూయార్క్ రాష్ట్రం 2017లో చట్టమే చేసింది.

నేను చేరిందీ అలాంటి కమ్యూనిటీ కాలేజీలోనే. మా క్లాసులో ఒకాయన లారీ నడిపి వచ్చారు, ఒకావిడ అమ్మమ్మ. ముందుగా అనాటమీ, మైక్రోబయాలజీ పాసైతేనే అసలు కోర్సుకు దరఖాస్తు. మందుల లెక్కల్లో 'అర' అని రాయాలంటే చుక్క ముందు సున్నా ఉండి తీరాలి, 0.5 అని. అయిదుకు మాత్రం చుక్క, సున్నా తగిలించకూడదు. ఆ చుక్క కనబడకపోతే అయిదు కాస్తా యాభై అవుతుంది, రోగికి పది రెట్లు మందు పడుతుంది. ఇదివరకు నేను చేసిన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో తప్పు దొర్లితే టికెట్ వేసి మర్నాడు సరిచేసేవాళ్లం. ఇక్కడ మర్నాడు అనేది లేదు. ఆ జాగ్రత్త ఇరవై ఏళ్లవాళ్లకంటే మాలాంటివాళ్లకే త్వరగా అబ్బుతుందని నా నమ్మకం.

హెచ్-1బి ఉద్యోగుల భార్యలుగా హెచ్-4 వీసా మీద ఇక్కడికొచ్చిన చెల్లెళ్లకు ఒక మాట. ఆ వీసా మీద చదువుకోవచ్చు, ఉద్యోగం మాత్రం వర్క్ పర్మిట్ ఉంటేనే. అది కూడా 2015 నుంచి, ప్రధానంగా భర్త గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం పొందినవాళ్లకే ఇస్తున్నారు. ఫీజు కట్టేముందు ఆ సంగతి తేల్చుకోండి. వయసు గురించి మాత్రం బెంగపడకండి, ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో దానికెవరూ అడ్డు చెప్పరు.