దినకూలి – గృహస్థధర్మము

తెల్లవారుజామున హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములలో కొన్ని కూడళ్ళయొద్ద పలుగు, పార, తట్ట, తాపీలతో స్త్రీపురుషులు బారులు తీరి నిలిచియుండుట మనమెల్లరమును చూచుచున్నాము. ఆ తావులను జనులు లేబరు అడ్డాలందురు. పెరటిలో గొయ్యి త్రవ్వింపవలసినను, ప్రహరిగోడ కూలినను, ఇంటికి సున్నము వేయింపవలసినను గృహస్థుడు అచ్చటికి పోయి, ఇద్దరినో ముగ్గురినో చూచి, బేరమాడి, వెంటబెట్టుకొని వచ్చును. సాయంకాలమున కూలి చేతిలో పెట్టును. మరునాటికి వారి ముఖములైనను అతనికి జ్ఞప్తి యుండవు. ఇంత స్వల్పముగా తోచు ఈ వ్యవహారమునకు మూడువేల యేడువందల యేండ్ల లిఖితచరిత్ర కలదు. దానిని విచారించుటకు మమ్ము పురికొల్పినది మా యింట జరిగిన యొక చిన్న సంగతి.

గత వేసవిలో మా పెరటిగోడ కొంత కూలగా, అడ్డానుండి యిద్దరు కూలివారిని పిలుచుకొని వచ్చితిమి. వారడిగిన కూలిలో నూరేసి రూపాయలు తగ్గించి, బేరమున గెలిచితిమని సంతసించితిమి. మధ్యాహ్నము కాకమునుపే వారిలో నొకని పాదముపై రాయి పడెను. గాయమునకు కట్టు కట్టించితిమి. కాని లెక్క చూచునప్పుడు, సగము దినమే పని జరిగెను గనుక సగము కూలియే యిచ్చితిమి. అతడు “సగం రోజే గదయ్యా చేసింది, చాలు” అని పుచ్చుకొని, కుంటుచు వెడలిపోయెను. లెక్క సరియే. న్యాయమును సరియేనా యను సందేహము మాత్రము మమ్ము వదలలేదు. మన గోడ కట్టుచు దెబ్బతిన్నవాని మిగిలిన దినమునకు ఎవరు ఉత్తరవాదులు? పూర్వులు దీనిని గూర్చి యేమనుకొనిరి?

ముందుగా మాటను చూతము. తెలుగున కూలి యనగా చేసిన పనికి ముట్టు ప్రతిఫలము. దానిని పుచ్చుకొనువాడు కూలివాడు. తమిళ కన్నడములందును ఇట్లే. ఏడాదికి ఒడంబడి సేద్యపుపనులు చేయువాడు పాలేరు, అతనికి ముట్టునది జీతము. ఏనాటికానాడు ముట్టునది కూలి. ప్రతిఫలమే లేక చేయించుకొనునది వెట్టి. ఇది సంస్కృత విష్టిశబ్దమునకు తద్భవము. ఐరోపీయులు మన దేశమున ఈ మాటను విని, వేతనమునకు గల పేరును మనిషికే పెట్టిరి. 19వ శతాబ్దమున మారిషసు, నేటాలు, ఫిజీ దేశములకు ఒడంబడికలపై పోయిన భారతీయులకు అదియే పేరయ్యెను. దక్షిణాఫ్రికాలో గాంధీమహాత్ముని సైతము కూలీ బారిష్టరనిరి. బర్మాకు పోయిన మన తెలుగువారు కోరంగి రేవు పేరున కోరంగీలనిపించుకొనిరి. వేతనము పేరో, ఓడరేవు పేరో మనిషికి పేరైనప్పుడు, అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి కలదను సంగతి మరుగుపడును.

దినకూలిని గూర్చిన మిక్కిలి ప్రాచీన శాసనములలో నొకటి బాబిలోను రాజగు హమ్మురాబిది. క్రీస్తుకు పూర్వము సుమారు 1750 నాటిది. అది చెక్కిన శిలాస్తంభము 1901లో సూసా శిథిలములలో బయల్పడి, నేడు పారిసునందలి లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది. కూలివానికి సంవత్సరాది మొదలు అయిదవ మాసమువరకు దినమునకు ఆరు యవల యెత్తు వెండియు, ఆరవ మాసము మొదలు సంవత్సరాంతమువరకు అయిదు యవల యెత్తు వెండియు నీయవలెనని అందు కలదు. వారి సంవత్సరాది వసంతమున వచ్చును. మొదటి నెలలు కోతల కాలము, పగలును దీర్ఘము. పని బరువైనప్పుడు కూలియు హెచ్చవలెనను వివేకము అంతటి ప్రాచీనకాలముననే యుండెననుటకు ఇది సాక్ష్యము.

గ్రీసు దేశమున ఏథెన్సు నగరపు అంగడిప్రక్కనున్న కొలోనసు గుట్టయొద్ద కూలివారు పనికై వేచియుండెడివారు. మన యడ్డాకు అదియొక పూర్వరూపము. ఆ నగరముననే క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దాంతమున ఎరెక్తియమను దేవాలయమును కట్టించినప్పటి లెక్కలు శిలలపై మిగిలియున్నవి. అందు పౌరునకును, పరదేశికిని, బానిసకును సామాన్యముగా దినమునకు ఒక్క ద్రఖ్మయే కూలి. బానిస తన కూలిని తానే యనుభవించెనని మేమనము. కాని పనికి వెల కట్టునప్పుడు పనివాని పుట్టుకను చూడకుండుట గమనింపదగినది.

యూదుల ధర్మశాస్త్రము బీదవాని కూలిని ఆ దినముననే, ప్రొద్దు గ్రుంకకమునుపే, యీయవలెనని శాసించినది. చెమట ఆరకమునుపే యీయవలెనను బోధ ఇస్లాము సంప్రదాయమున ప్రసిద్ధము. ఈ రెండు విధులకును కారణమొక్కటియే. నెలజీతగానికి ఒకనాటి యాలస్యము చికాకు మాత్రమే. దినకూలివానికి ఆనాటి కూలియే ఆనాటి రాత్రి పిల్లలకు పెట్టు అన్నము. “రేపు వచ్చి తీసికొనుము” అను మాట మనకు సులభము. రేపు అతడు మన గుమ్మమునకు వచ్చినచో అడ్డాలో రేపటి పని పోవును.

మన శాస్త్రములును మౌనము వహింపలేదు. 1909లో శామశాస్త్రిగారు మైసూరున ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున తృతీయాధికరణము ఈ విషయమును చర్చించుచున్నది. కర్మకరునికిని యజమానునికిని గల యొడంబడికను ఇరుగుపొరుగువా రెరిగియుండవలెను. మాటాడుకొన్న వేతనము మాటాడుకొన్నట్లే చెల్లవలెను. మాటాడుకొననిచో పనిని బట్టియు కాలమును బట్టియు ఈయవలెను. వేతనము నీయని యజమానునికి అందు దశమాంశము గాని ఆరు పణములు గాని దండుగ. వేతనము పుచ్చుకొని పనిచేయని భృతకునికో, పండ్రెండు పణములు దండుగ, పైగా పని చేయువరకు నిర్బంధము. అయినను అశక్తునికిని, వ్యాధిగ్రస్తునికిని, ఆపదలో నున్నవానికిని కౌటిల్యుడు సడలింపు చూపెను. అట్టివాడు తన పనిని మరియొకనిచే చేయింపవచ్చును.

మనుస్మృతి యష్టమాధ్యాయమున, వ్యాధి లేకయే గర్వముచే పని మానిన భృతకునికి ఎనిమిది కృష్ణలములు దండుగయనియు వేతనము లేదనియు కలదు. కాని వెనువెంటనే, వ్యాధిచే పని నిలిచిపోయినవాడు స్వస్థుడై దానిని ముగించినచో, ఎంత కాలము గడచినను వేతనమునకు అర్హుడని చెప్పబడినది. అనగా దేహము చెడినంతమాత్రమున పనిపై అతనికిగల హక్కు పోదు. ఈ శ్లోకమును మేము పలుమారులు చదివితిమి, శిష్యులకు చెప్పితిమి. సగము కూలి యిచ్చి పంపిననాడు మాత్రము అది మా జ్ఞప్తికి రాలేదు. గాయము మానిన పిదప వచ్చి మిగిలిన పని ముగింపుమని యొక్క మాటయైనను మేమనలేదు.

శాస్త్రములందలి దయను మెచ్చుకొనునప్పుడు, వానియందలి తూకమును గూడ చూడవలెను. పనివాని తప్పునకు పండ్రెండు పణములు, యజమానుని తప్పునకు ఆరు. ఈ తూకము మన దేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండున 1348, 1349 సంవత్సరములలో మహామారి వ్యాపించి జనము నశింపగా, మిగిలిన కూలివారు హెచ్చు కూలి యడుగసాగిరి. వెంటనే 1349లో రాజాజ్ఞయు, 1351లో పార్లమెంటు శాసనమును వెలువడినవి. మహామారికి పూర్వము, 1346 ప్రాంతమున నున్న కూలికంటె ఎక్కువ పుచ్చుకొనరాదు. కలుపు తీయువారికి దినమునకు ఒక్క పెన్నీ, గడ్డి కోయువానికి అయిదు పెన్నీలు. కూలివారు పనిముట్లు చేతబట్టుకొని అంగడి యూరికి వచ్చి, రహస్యముగా గాక బహిరంగముగా నొకచోట కుదురవలెను. అడ్డాను శాసనమే యేర్పరచినదన్నమాట; ఎవడు ఎక్కువ యడుగుచున్నాడో అందరికిని తెలియుటకై. మాట వినని వానికి కాళ్ళకు బొండ. 1381లో ఆ దేశమున చెలరేగిన రైతుల తిరుగుబాటునకు గల కారణములలో ఈ శాసనపీడనము నొకటి. 1563 నాటి మరియొక శాసనము వేసవిలో ఉదయము అయిదు గంటలు మొదలు రాత్రి ఏడెనిమిది గంటలవరకు పని చేయవలెననియు, కూలిరేట్లను ఏటేట న్యాయాధిపతులు నిర్ణయింపవలెననియు విధించెను. కూలిరేట్ల నిబంధనలు 1813 వరకు తొలగలేదు.

పారిసులో అడ్డాకు వేరొక గతి పట్టినది. సేను నది యొడ్డున గ్రేవు అను మైదానమున పని లేనివారు గుమిగూడెడివారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు మొదటి యర్థము ఇసుకయొడ్డు. అచ్చట నిలుచుట పని వెదకుటకు పేరయ్యెను. 19వ శతాబ్దమున పని మానుటకు, అనగా సమ్మెకు, అదియే పేరయ్యెను. కూలివారిని చౌకగా ఏరుకొనుటకు అనుకూలమైన చోటుననే వారు ఒకరినొకరు ఎరుగుటయు సంభవించెను.

ఇక మన దేశము. క్రీ.శ. 150 ప్రాంతమున రుద్రదాముడను క్షత్రపుడు సుదర్శనతటాకమును బాగుచేయించి, ప్రజలను పన్నులచేతను విష్టిచేతను పీడింపక ఆ పని చేసితినని జునాగఢ్ శిలపై వ్రాయించెను. వెట్టి లేకుండుట శిలపై చెక్కదగిన గొప్పయైనదన్నచో, వెట్టి యెంత సామాన్యమో ఊహింపవచ్చును. మన తెలంగాణమున ఈ దురాచారము 20వ శతాబ్దమువరకు ప్రబలియుండెను. 1921లో హైదరాబాదున నేర్పడిన ఆంధ్ర జనసంఘమును, 1930లో జోగిపేటలో తొలిసారి సమావేశమైన నిజామాంధ్ర మహాసభయు దానిపై పోరాడినవి. బ్రిటిషువారి పాలనముననో, 1859 నాటి పదమూడవ చట్టము, ముందుగా సొమ్ము పుచ్చుకొని పని మానిన కూలివానికి మూడు నెలలవరకు చెరసాల విధించెను. కూలి యెగగొట్టిన యజమానునికి ఆ చట్టమున చెరసాల లేదు. కౌటిల్యుని పండ్రెండు, ఆరు పణముల తూకము రెండువేల యేండ్లకు సరిపడుటకు బదులు మరింత మొగ్గెను. అది 1925లో రద్దయ్యెను.

తరువాత పావుశతాబ్దమున త్రాసు మరియొక ప్రక్కకు మొగ్గసాగెను. 1948లో కనీస వేతనముల చట్టము వచ్చెను. అంతకు పూర్వము శాసనములు కూలికి పైహద్దు గీయుచుండగా, ఇది క్రిందిహద్దు గీసెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించెను. 1976 నాటి చట్టము ఒకే పనికి స్త్రీపురుషులకు సమానవేతన మీయవలెననెను. 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడలకై కట్టుచున్న కట్టడముల కూలివారి వ్యాజ్యమున, అత్యున్నత న్యాయస్థానము ఒక గొప్ప సూత్రమును స్థాపించెను. ఆకలి బాధచే కనీస వేతనమునకు తక్కువకు పని చేయువాడు స్వేచ్ఛతో చేయుచున్నట్లు కాదు. అదియు 23వ అధికరణము నిషేధించిన బలవంతపు చాకిరియే. వెట్టికిని చాలని కూలికిని నడుమనున్న గోడను ఆ తీర్పు పడగొట్టెను. “అతడే యొప్పుకొనెను గదా” అను మన నిత్యసమాధానము ఆనాడే చెల్లకపోయెను.

కాని ఈ శాసనప్రవాహము ఒకచోట ఆగినది. ఆ చోటు మన యింటి వాకిలి. కట్టడపు పనివారి రక్షణమునకై చేసిన 1996 నాటి చట్టము, పదిలక్షల రూపాయలకు మించని వ్యయముతో తన నివాసమును కట్టించుకొను గృహస్థుని మినహాయించెను. 2020 నాటి వృత్తిభద్రతాస్మృతి ఆ హద్దును ఏబదిలక్షలకు పెంచెను. చిన్న గృహస్థుని నమోదులతోను తనిఖీలతోను బాధింపరాదను తలంపు న్యాయమే కావచ్చును. దాని ఫలితము మాత్రము స్పష్టము. పెద్ద కట్టడమున కాలు విరిగినవానికి చూపుటకొక చట్టము కలదు. మన పెరటిలో కాలు నలిగినవానికి మనము తప్ప దిక్కు లేదు. ఇచ్చట శాసనకర్తయు, న్యాయాధిపతియు, ఆ వ్యాజ్యములో ప్రతివాదియు గృహస్థుడొక్కడే.

ఇట్టి చోట చరిత్ర మనకు నేర్పునది కొలది విధులే. పని మొదలు పెట్టకమునుపే కూలిని, పని గంటలను, భోజనవిరామమును స్పష్టముగా మాటాడుకొనవలెను. ప్రభుత్వము నిర్ణయించిన కనీస వేతనమును తెలిసికొని, దానికి తగ్గించి బేరమాడరాదు. అదే తట్ట మోయు స్త్రీకి తక్కువ కూలి యీయరాదు. ప్రొద్దు గ్రుంకకమునుపే సొమ్ము చేతికి ముట్టవలెను. మన పనిలో దెబ్బతిన్నవానికి ఆనాటి పూర్తి కూలియు, వైద్యపు ఖర్చును మనవే. ఇందు దానము లేదు, ఉదారత లేదు, ఇది ఋణము. గుడిహుండీలో వేయు సొమ్మునకు బేరమాడని మనము, మన గోడ నిలబెట్టిన చేతులతో నూరు రూపాయలకు వాదించుట యే ధర్మము?

మేము ఆ సగము కూలిని పట్టుకొని మూడు దినములు ప్రాతఃకాలముననే ఆ యడ్డాకు పోతిమి. అతడు కనబడలేదు. ఎవరినైన అడుగుదమన్నను అతని పేరు మాకు తెలియదు. ఆనాడు ఉదయమునుండి మధ్యాహ్నమువరకు మా పెరటిలో నున్నవానిని పేరేమని మేమడుగలేదు. నాటినుండి మా యింట నొక చిన్న పుస్తకము పెట్టితిమి. పనికి వచ్చినవారి పేరు, ఊరు, ఒప్పుకొన్న కూలి, ముట్టజెప్పిన వేళ అందు వ్రాసికొనుచున్నాము. మొదటి పుటలో ఒక పంక్తిలో పేరు వ్రాయవలసిన చోటు ఖాళీగా నున్నది. దాని కెదురుగా సగము దినపు కూలి బాకీ యని యున్నది.