పేరులో లేని చెవి: పెళుసు ఎముకల వ్యాధి చరిత్రలో వినికిడి లోపం

ఉపోద్ఘాతం:
వ్యాధికి పెట్టిన పేరు వైద్యుని దృష్టిని ఒక అవయవం వైపు మళ్లిస్తుంది. సంయోజక కణజాలానికి సంబంధించిన వంశపారంపర్య రుగ్మత ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా ఇందుకు నిదర్శనం. ‘అసంపూర్ణ అస్థి నిర్మాణం’ అని అర్థమిచ్చే ఈ పేరులో చెవికి చోటు లేదు. ఆ చెవి వైద్యుల దృష్టికి ఎప్పుడు, ఎలా వచ్చిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చారిత్రక క్రమం:
1788లో ఉప్సలా విశ్వవిద్యాలయ సిద్ధాంత వ్యాసంలో ఓలోఫ్ యాకబ్ ఎక్‌మన్ మూడు తరాలుగా ఎముకలు విరుగుతున్న ఒక కుటుంబాన్ని వర్ణించాడు. 1849లో ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన విల్లెం వ్రోలిక్ నేటి పేరు పెట్టాడు. అతడు పరిశీలించింది నవజాత శిశువు అస్థిపంజరం. అది విరిగిన ఎముకల గురించి చెప్పగలదు కాని వినికిడి గురించి చెప్పలేదు. పైగా ఈ రుగ్మతలో వినికిడి సాధారణంగా యౌవనంలోనో ఆ తరువాతో తగ్గుతుంది.

1896లో స్పర్‌వే ఎముకల పెళుసుతనాన్ని, కంటి తెల్లగుడ్డులోని నీలిఛాయను ఒకే కుటుంబంలో గుర్తించాడు. 1900లో ఎడోస్ ఈ రెండింటికీ మూలం తంతు కణజాల లోపమని ఊహించాడు. 1912లో అడేర్-డైటన్ నీలిఛాయ గల కుటుంబాల్లో చెవుడును కూడా ప్రస్తావించాడు. 1918లో నేత్రవైద్యుడు వాన్ డెర్ హూవె, కర్ణవైద్యుడు డి క్లైన్ కలిసి ఈ మూడు లక్షణాలను ఒకే వంశపారంపర్య రుగ్మతగా నిర్ధారించారు. రెండు శాఖల వైద్యులు ఒకే కుటుంబాన్ని కలిసి చూడటం ఇక్కడ కీలకం.

కారణ వివరణ:
చాలామంది రోగుల్లో లోపం మొదటి రకం కొల్లాజెన్‌ను తయారుచేసే జన్యువుల్లో ఉంటుంది. మధ్య చెవిలో రికాబు ఆకారపు స్టేపిస్ ఎముక బిగుసుకుపోవచ్చు, లేదా దాని సన్నని కాళ్లు విరగవచ్చు. అప్పుడు శబ్దం లోపలి చెవికి సరిగా చేరదు. కొందరిలో లోపలి చెవి కూడా దెబ్బతిని, మిశ్రమ వినికిడి లోపం ఏర్పడుతుంది.

ముగింపు:
1956లో మెక్‌కుసిక్ వంశపారంపర్య సంయోజక కణజాల రుగ్మతలపై గ్రంథం వెలువరించి, ఇటువంటి వ్యాధులను కణజాల దృష్టితో ఒక్కచోట చేర్చాడు. ఎముక, కన్ను, చెవి వేరువేరు వ్యాధులు కావని అప్పటికి స్పష్టమైంది. పేరు మాత్రం ఎముక దగ్గరే ఆగింది. పలుమార్లు ఎముకలు విరిగిన యువకుడు మాట సరిగా వినడం లేదంటే, దాన్ని అశ్రద్ధగానో వేరే జబ్బుగానో భావించే ప్రమాదం నేటికీ ఉంది. అటువంటి వారికి క్రమం తప్పకుండా వినికిడి పరీక్ష చేస్తే లోపాన్ని ముందే గుర్తించి, శ్రవణ యంత్రమో శస్త్రచికిత్సో సూచించవచ్చు. ఎక్‌మన్ నుంచి డి క్లైన్ వరకు పట్టిన 130 సంవత్సరాలు నేర్పే పాఠం ఇదే.