విచిటా హంతకుని పునరాగమనము

మన గ్రంథాలయమున పుస్తకములు ఇచ్చిపుచ్చుకొను చిట్టాను ఒకనాడు తీరికగా తిరుగవేసితిని. భారత భాగవతములు బీరువాలో గౌరవముగా నిలిచియుండగా, అట్టలూడి, కుట్లు వీడి, చేతులు మారి నలిగినవి అపరాధ పరిశోధక నవలలే. ఇందులకు పెద్దలు విసుగుకొందురు. నేను విసుగుకొనను. ఆ నవలాకర్తలకు మిక్కిలి ప్రియమైన కథ యొకటి కలదు: ఏండ్ల తరబడి జాడలేని హంతకుడు మరల వచ్చును, తల నెరసిన పరిశోధకుడు మరల వాని వెంటబడును. కల్పన కానిచోట ఇది యెట్లు జరిగినదో తెలుపుటకై ఈ వ్యాసము. ఈ వృత్తాంతమున గ్రంథాలయము రెండుమారులు కానవచ్చును గనుక, ఈ రజతోత్సవ సంచికలో దీనికి చోటు అనుచితము కాదని తలతును.

అమెరికా దేశమున కాన్సస్ రాష్ట్రములో విచిటా యను నగరము విమాన నిర్మాణమునకు పేరు పొందినది. 1974 జనవరి 15వ తేదీన ఆ యూర ఒకే యింట తండ్రి, తల్లి, ఇద్దరు బిడ్డలు హత్య గావింపబడిరి. బడి నుండి తిరిగివచ్చిన పెద్దపిల్లలు ఆ ఘోరమును కన్నులార చూడవలసి వచ్చెను. ఆ యేడు అక్టోబరులో, ఆ నేరము తమదేనని ఇతరు లెవరో చెప్పుకొనుచుండుట హంతకునికి సహింపరానిదయ్యెను. వాడు పత్రికవారికి టెలిఫోను చేసి, పౌర గ్రంథాలయమున ఒక ఇంజనీరింగు గ్రంథము నడుమ ఉత్తరము కలదని చెప్పెను. పోలీసులు పోయి చూడగా దొరికెను. పుస్తకములలో నెమలికన్నులు దాచుకొను పిల్లలను ఎరుగుదుము. ఇట్టిది దాచినవానిని ఎచ్చట విన్నాము? బంధించుట, హింసించుట, చంపుట అను అర్థములుగల మూడు ఆంగ్లపదముల తొలి అక్షరములను కూర్చి, బి.టి.కె. అని తనకు తానే నామకరణము చేసికొనెను.

1991 నాటికి వానిచేత చచ్చినవారు పదిమంది. 1978లో, తన పేరు పత్రికలో పడవలెనన్న ఇంకెందరిని చంపవలెనని టెలివిజను సంస్థకు వ్రాసెను. పిమ్మట కొలదికాలమునకు ఉత్తరములు ఆగిపోయెను. హత్యలు ఆగలేదు, కాని 1985, 1986, 1991 సంవత్సరములలో జరిగినవి వాని లెక్కలో చేరలేదు. 1984లో ఈ కేసునకై ఒక ప్రత్యేక దళము నేర్పరచిరి. అందు చేరిన యువకులలో కెన్ లాండ్వేర్ అను అధికారి యొకడు. దళమునకు ఫలము దక్కలేదు.

1986లో చనిపోయిన యామె ఇద్దరు బిడ్డల తల్లి. ఇంటికి వచ్చి ఆమెను చూచినవాడు భర్త. అనుమానము అతని మీదికే పోయెను. నేరము మోపుటకు చాలినంత సాక్ష్యము లేదు. నిర్దోషి యనుటకును లేదు. భార్యను పోగొట్టుకొని, ఆమెను తానే చంపెనన్న చూపుల నడుమ, ఇద్దరు బిడ్డలను పెంచుచు అతడు పదునెనిమిది సంవత్సరములు గడపెను. హంతకుని బుద్ధి కుశలతను గూర్చి వ్రాయువారు ఈ పదునెనిమిదేండ్లను ఒక పంక్తిలో దాటిపోవుదురు. నాకు దాటబుద్ధి కాలేదు.

2004 జనవరికి మొదటి హత్యలు జరిగి ముప్పదేండ్లు నిండెను. స్థానిక పత్రిక ఒక వ్యాసము ప్రకటించుచు, ఒక న్యాయవాది ఈ హత్యలపై గ్రంథము వ్రాయుచున్నాడని తెలిపెను. తన చరిత్రను మరియొకడు వ్రాయుటయా! మార్చిలో పత్రికకు కవరొకటి వచ్చెను. అందు 1986లో చచ్చిన యామె వాహన లైసెన్సు నకలును, ఆమె మృతదేహపు ఛాయాచిత్రములు మూడును ఉండెను. హంతకుని పునరాగమనమువలన తొలుత విముక్తి పొందినవాడు ఆ భర్త.

అప్పటికి లాండ్వేర్ హత్యానేర విభాగమునకు అధిపతి. వాని నొక మాటయైన తూలనాడక, పత్రికలవారి యెదుట గంభీరముగా ప్రకటనలు చదువుచు, ఉత్తరప్రత్యుత్తరములు తెగిపోకుండ చూచుటయే అతని యుపాయము. పదకొండు నెలలు ఇట్లు జరిగెను. జూలైలో ఒక పొట్లము మరల ఆ గ్రంథాలయమునకే, పుస్తకములు తిరిగి వేయు పెట్టెలోనికి వచ్చెను. మరియొకమారు దుకాణపు ఆవరణలో ఎవరి బండిలోనో పెట్టె నుంచగా, బండివాడు దానిని చెత్తలో పారవైచెను! పోలీసులు వెదకి తీసిరి. కంప్యూటరు వ్రాతను దాచు ఫ్లాపీ యను బిళ్లపై వ్రాసి పంపినచో తన జాడ తెలియునా, నిజము చెప్పవలెనని అందు హంతకుడు అడిగియుండెను. తెలియదని అర్థమువచ్చునట్లు పోలీసులు పత్రికలో చిన్న ప్రకటన వేయించిరి. వాడు నమ్మెను.

2005 ఫిబ్రవరి 16న ఫ్లాపీ వచ్చెను. వాడు చెరిపివేసిన వ్రాత యొకటి దానియందు అడుగంటి యుండెను. దానితోపాటు వాని కెరుక లేకుండ యంత్రము తనంత తాను నమోదు చేసినవి రెండు: ఒక లూథరన్ చర్చి పేరు, డెన్నిస్ అను మనిషి పేరు. వెదకగా ఆ సంఘపు పాలక మండలికి అధ్యక్షుడు డెన్నిస్ రేడర్. విశాఖదత్తుని ముద్రారాక్షసమున అమాత్య రాక్షసుని ముద్రాంగుళీయకమే అతనికి ఉరియైనట్లు, వీనికి వీని బిళ్లయే! అయితే రాక్షసుడు స్వామిభక్తుడు. ఈ పోలిక ఉంగరము వరకే.

అటుపై న్యాయస్థానపు ఉత్తరువు పొంది, వాని కుమార్తె పూర్వము వైద్యపరీక్షకై ఇచ్చిన నమూనాను, హత్యాస్థలమున దొరికిన ఆనవాళ్లతో పోల్చి చూచిరి. రక్తసంబంధము తేలెను. ఆ పిల్లకు ఈ సంగతి తెలియదు. ఇది తప్పనిసరి యని నా బుద్ధి ఒప్పుకొన్నను మనసు కలతపడుచునే యున్నది.

ఫిబ్రవరి 25న రేడర్‌ను పట్టుకొనిరి. వాడు ప్రక్కనున్న పార్క్ సిటీ పురపాలక ఉద్యోగి: గడ్డి యెక్కువగా పెరిగిన యిండ్లకు నోటీసు లిచ్చుట, వీథికుక్కలను పట్టించుట పని. హత్యల దస్త్రములను క్రమముగా కట్టి, ఆ కచేరీ బీరువాలోనే దాచెను. ఊరి లెక్కలు వ్రాసి చేయి అరిగిన నాకు ఇది చదివినప్పుడు చాలసేపు కలము పట్టబుద్ధి కాలేదు. దస్త్రము చక్కగా నున్నవాడు మంచివాడేయని ఎంతకాలము నమ్మితిని!

తనతో అబద్ధమేల యాడితివని రేడర్ లాండ్వేర్‌ను నిష్ఠూరమాడెను. నిన్ను పట్టుటకే యని అతడు బదులిచ్చెను. అశ్వత్థామ విషయమున పలికిన మాటకు ధర్మరాజు రథము భూమికి దిగెనందురు. ఈ యధికారి రథము దిగెనని నేననజాలను. ద్రోణుడు గురువు, శస్త్రము విడిచినవాడు. వీడెవడు?

జూన్ 27న వాడు పది హత్యలును ఒప్పుకొని, ఒక్కొక్కదానిని న్యాయస్థానమున చదివినట్లు చెప్పెను. మరణశిక్షను కాన్సస్ 1994లో మరల తెచ్చుకొనెను. వాని హత్యలన్నియు అంతకు ముందటివి. కావున ఆగస్టు 18న పది యావజ్జీవ శిక్షలు ఒకదాని వెంట నొకటి విధించిరి. కనీసము 175 సంవత్సరములు. లాండ్వేర్ 2014 జనవరిలో కాలధర్మము నొందెను.