మాల్దీవులు: రిసార్ట్ దీవి అందం సరే.. దాని అసలు ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోంది?

నీలి నీళ్ల మీద చెక్క విల్లా.. తలుపు తీస్తే సముద్రం.. మెట్లు దిగితే రంగురంగుల చేపలు. సినిమా స్టార్ల హనీమూన్ ఫొటోల్లో, ఇన్‌స్టా రీల్స్‌లో మనం చూసే మాల్దీవులు ఇవే. కానీ ఆ ఫ్రేమ్‌లో పడనివి చాలానే ఉన్నాయి. ఆ విల్లాలో షవర్ నీళ్లు ఎక్కడివి? ఏసీకి కరెంట్ ఎక్కడిది? రూమ్‌లోంచి వెళ్లిన చెత్త ఎటు పోతోంది? మనం కట్టిన డాలర్లు ఎవరికి చేరుతున్నాయి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక దీవి.. ఒక రిసార్ట్

హిందూ మహాసముద్రంలో దాదాపు 1,190 చిన్న చిన్న పగడపు దీవులే మాల్దీవులు. వాటిలో జనం ఉండేవి 200 లోపే. మొత్తం జనాభా 5 లక్షల పైచిలుకు. 1972లో కురుంబా అనే పేరుతో తొలి రిసార్ట్ మొదలైంది. ఆ తర్వాత జనం లేని దీవిని లీజుకివ్వడం, ఆ దీవి మొత్తం ఒకే రిసార్ట్‌కి అప్పగించడం అక్కడి పద్ధతిగా మారింది. ఇప్పుడు 170కి పైగా రిసార్టులున్నాయి. 2024లో టూరిస్టుల సంఖ్య 20 లక్షలు దాటింది. అంటే దేశ జనాభాకి దాదాపు నాలుగు రెట్లు!

దీనివల్ల మేలు జరగలేదా అంటే.. జరిగింది. చేపల వేట తప్ప పెద్దగా ఆధారం లేని దేశం 2011లో అత్యంత వెనుకబడిన దేశాల జాబితా నుంచి బయటపడింది. అందులో టూరిజందే పెద్ద పాత్ర. అందుకే రిసార్టులు వద్దని అక్కడ ఎవరూ అనరు. గొడవల్లా ఖర్చు ఎవరి మీద పడుతోందనే దాని గురించే.

నీళ్లు కావాలంటే డీజిల్ కాల్చాల్సిందే

ఈ దీవుల్లో నదులు లేవు, చెరువులు లేవు. ఇసుక కింద వాన నీటితో ఏర్పడిన పలుచని మంచినీటి పొర ఒక్కటే ఉంటుంది. ఎక్కువ తోడితే అందులోకి ఉప్పు నీరు చేరిపోతుంది. కాబట్టి రిసార్ట్‌లో స్విమ్మింగ్ పూల్ నుంచి షవర్ దాకా దాదాపు అంతా ప్లాంట్‌లో ఉప్పు తీసేసిన సముద్రపు నీరే. ఆ ప్లాంట్ నడవాలంటే కరెంట్ కావాలి. కరెంట్ ఎక్కువగా డీజిల్ జనరేటర్ల నుంచే వస్తోంది. ఆ డీజిల్ చుక్క చుక్కా దిగుమతే.

ఈ ఏర్పాటు ఎంత సున్నితమో 2014 డిసెంబర్‌లో తెలిసొచ్చింది. రాజధాని మాలేలోని నీటి ప్లాంట్‌లో మంటలు చెలరేగి నగరానికి తాగునీరు ఆగిపోయింది. అప్పుడు మన దేశమే విమానాల్లో, నౌకల్లో నీళ్లు పంపింది. అదే 'ఆపరేషన్ నీర్'.

చెత్త దీవి తిలఫుషి

మాలే పక్కనే తిలఫుషి ఉంది. 1990ల మొదట్లో ఇక్కడి లోతులేని నీళ్లలో చెత్త పోయడం మొదలుపెట్టారు. పోయగా పోయగా అదే ఒక దీవి అయింది. రాజధాని చెత్త, చుట్టుపక్కల రిసార్టుల చెత్త పడవల్లో ఇక్కడికే చేరేది. ఏళ్ల తరబడి బహిరంగంగానే తగలబెట్టారు. ఆ పొగ పీల్చింది అక్కడ పనిచేసే వలస కార్మికులు, చుట్టుపక్కల జనం. 2021లో ఈ కాల్చివేత ఆపారు. చెత్త నుంచి కరెంట్ తీసే ప్లాంట్ పనులు చేపట్టారు.

మాల్దీవుల సర్కారు లెక్కల ప్రకారం చూస్తే తేడా అర్థమవుతుంది. రిసార్ట్‌లో ఒక్కో అతిథి వల్ల రోజుకి సుమారు 3.5 కిలోల చెత్త వస్తుంది. రాజధాని బయటి దీవుల్లో ఉండే మనిషి వల్ల వచ్చేది ఒక కిలో కూడా కాదు.

పగడాలు పోతే దీవి కూడా పోతుంది

మాల్దీవుల్లో 80 శాతం భూమి సముద్ర మట్టానికి ఒక మీటర్ లోపు ఎత్తులోనే ఉంది. అలల నుంచి కాపాడేది చుట్టూ ఉన్న పగడపు దిబ్బలే. బీచ్‌లో తెల్లటి ఇసుక కూడా పగడాల నుంచి వచ్చేదే. 1998లో, మళ్లీ 2016లో సముద్రం వేడెక్కి పగడాలు భారీగా తెల్లబడిపోయాయి. ఇది ప్రపంచం మొత్తం చేసిన తప్పు. మరి స్థానికంగా జరుగుతున్నదేంటి?

- బీచ్ పెద్దగా కనిపించాలని సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి పోస్తున్నారు. ఆ బురద పగడాల మీద పేరుకుంటుంది.
- ఒకచోట గోడ కడితే అలల దారి మారి, మరోచోట ఒడ్డు కోతకి గురవుతుంది.
- నీళ్లు అద్దంలా ఉండాలని సముద్రపు గడ్డిని పీకేసేవాళ్లు. చేప పిల్లలు పెరిగేది, తాబేళ్లు మేసేది అక్కడే. 2019లో దీనిపై ప్రచారం నడిచాక, గడ్డిని కాపాడతామని కొన్ని రిసార్టులు ముందుకొచ్చాయి.

దక్షిణాన ఉన్న అడ్డూ దీవులను యునెస్కో 2020లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా గుర్తించింది. అక్కడే 2023లో లగూన్ పూడ్చి 190 హెక్టార్లకు పైగా కొత్త భూమి తయారు చేసే పని మొదలైంది. ఇళ్లతో పాటు రిసార్టులు కూడా ఆ ప్లాన్‌లో ఉన్నాయి. దీనికి అప్పు ఇచ్చింది మన ఎగ్జిమ్ బ్యాంకే.

డాలర్లు వస్తున్నాయి.. నిలవడం లేదు

రిసార్ట్ ప్లేట్‌లో చేప తప్ప దాదాపు అన్నీ బయటి నుంచే వస్తాయి. బియ్యం, కూరగాయలు, మాంసం, ఫర్నిచర్, డీజిల్.. అన్నిటికీ డాలర్లే కట్టాలి. చాలా రిసార్టులు విదేశీ కంపెనీలవి. సిబ్బందిలోనూ విదేశీయులు ఎక్కువే. దాంతో టూరిస్ట్ కట్టిన డాలర్‌లో చాలా భాగం వచ్చిన దారినే వెళ్లిపోతుంది.

అందుకే ఓ విచిత్రం. 20 లక్షల మంది వచ్చిన 2024లోనే ఆ దేశం డాలర్ల కోసం కటకటలాడింది. అప్పులు జీడీపీని మించిపోయాయి. అక్టోబర్‌లో మన రిజర్వ్ బ్యాంక్ 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల మేర కరెన్సీ మార్పిడి సదుపాయం కల్పించింది. అదే నెలలో మాల్దీవుల కేంద్ర బ్యాంకు రిసార్టులకు కొత్త రూల్ పెట్టింది. ఒక్కో టూరిస్ట్‌కి 500 డాలర్ల చొప్పున స్థానిక బ్యాంకుల్లో మార్చాల్సిందే అంది.

ఒక్క రంగాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో అంతకుముందే తేలిపోయింది. కరోనా టైమ్‌లో మూడున్నర నెలలకు పైగా సరిహద్దులు మూసేస్తే, 2020లో ఆర్థిక వ్యవస్థ దాదాపు మూడో వంతు కుంగిపోయింది.

సర్కారు ఏం చేస్తోంది?

- గ్రీన్ ట్యాక్స్: 2015లో రిసార్టుల్లో మనిషికి రాత్రికి 6 డాలర్లతో మొదలైంది. 2025 జనవరి నుంచి 12 డాలర్లు.
- ప్లాస్టిక్: ఒకసారి వాడి పారేసే కొన్ని వస్తువుల దిగుమతిపై 2021లో నిషేధం.
- గెస్ట్‌హౌస్‌లు: జనం ఉండే దీవుల్లో 2009 తర్వాత అనుమతి. ఇక్కడ ఖర్చు తక్కువ, డబ్బు నేరుగా స్థానిక కుటుంబాల చేతికి. కానీ చెత్త, మురుగు సమస్య కూడా వాళ్ల గుమ్మం ముందుకే వస్తోంది.

మనకేంటి సంబంధం?

2024 జనవరిలో ప్రధాని మోదీ పర్యటన తర్వాత మాల్దీవులకి బదులు లక్షద్వీప్ వెళ్దాం అంటూ సోషల్ మీడియా హోరెత్తింది. 2023లో మాల్దీవుల టూరిస్టుల్లో మొదటి స్థానంలో ఉన్న భారతీయులు 2024లో బాగా తగ్గారు. కానీ లక్షద్వీప్ కూడా అలాంటి పగడపు దీవులే. ఉన్నది 36 దీవులు, మొత్తం 32 చదరపు కిలోమీటర్లు. జనం ఉండేవి పదే. అదే పలుచని మంచినీటి పొర, అవే తెల్లబడుతున్న పగడాలు. సుహేలి, కడ్‌మత్ దీవుల్లో రెండు పెద్ద రిసార్టులు కడతామని 2023లో ప్రకటన కూడా వచ్చింది.

మాల్దీవులకి ఈ లెక్కలు తేలడానికి యాభై ఏళ్లు పట్టింది. లక్షద్వీప్‌కి మాత్రం ఆ లెక్కలు కళ్ల ముందే ఉన్నాయి. విల్లా కట్టే ముందే నీళ్లు ఎక్కడి నుంచి, చెత్త ఎక్కడికి, డబ్బు ఎవరికి అని అడిగే అవకాశం మనకింకా ఉంది.