పుట్టుకతో వచ్చే రుబెల్లా

గర్భవతికి సోకిన రుబెల్లా వైరస్ మాయ గుండా పిండానికి చేరడం వలన శిశువులో ఏర్పడే లోపాల సముదాయాన్ని పుట్టుకతో వచ్చే రుబెల్లా అంటారు. రుబెల్లాను జర్మన్ తట్టు అని కూడా పిలుస్తారు గాని, తట్టు (పొంగు) వైరస్ వేరు, దీని వైరస్ వేరు.

గుర్తింపులో చిక్కు

పెద్దలకు రుబెల్లా స్వల్పమైన వ్యాధి. కొద్దిపాటి జ్వరం, సుమారు మూడు రోజులుండే ఎర్రని దద్దురు, చెవుల వెనుక గ్రంథుల వాపు కనిపిస్తాయి. చాలామందిలో ఇవి కూడా కనిపించవు. పైగా తెలుగునాట దద్దురుతో వచ్చే జ్వరాలను "అమ్మవారు" అని సరిపెట్టుకోవడం కద్దు. కనుక తల్లి జ్ఞాపకం ఒక్కటే ఆధారం కాజాలదు.

1940లో ఆస్ట్రేలియాలో రుబెల్లా ప్రబలింది. 1941లో సిడ్నీ కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్, పుట్టుకతోనే శుక్లాలున్న 78 మంది శిశువుల వివరాలు ప్రకటించాడు. వారి తల్లులలో అత్యధికులకు గర్భం తొలి మాసాలలో రుబెల్లా వచ్చింది. తల్లికి వచ్చిన వైరస్ వ్యాధి వలన శిశువు అవయవాలు దెబ్బతింటాయని వైద్యలోకం గ్రహించినది అప్పుడే.

లక్షణాలు

మొదటి 12 వారాలలో వ్యాధి సోకితే శిశువుకు ముప్పు అత్యధికం. 20 వారాల తరువాత అరుదు. కంటిపాపలో తెల్లదనం, గుండెలో అసహజ ధ్వని, చిన్న తల, తక్కువ బరువు ముఖ్య లక్షణాలు. చెవుడు అన్నిటికంటే తరచుగా కనిపించే లోపం, కొందరిలో అదొక్కటే ఉంటుంది. చూపులకు ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు మాటలు రాకపోతే "ఆలస్యంగా వస్తాయిలే" అని ఊరుకోవడం వలన విలువైన కాలం గడిచిపోతుంది. పుట్టిన వెంటనే వినికిడి పరీక్ష చేయడం మేలు.

నిర్ధారణ, చికిత్స

రక్తంలోని ప్రతిరక్షకాలలో ఐజీజీ తల్లి నుండి బిడ్డకు వస్తుంది, ఐజీఎం రాదు. అందువలన శిశువు రక్తంలో రుబెల్లా ఐజీఎం ఉంటే బిడ్డకే వ్యాధి సోకిందని అర్థం. వైరస్‌ను తొలగించే మందు లేదు. శుక్లాలకు శస్త్రచికిత్స తొలి మాసాలలోనే జరగాలి. ఆలస్యమైతే మెదడు చూడడం నేర్వదు.

నివారణ

భారతదేశంలో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం 2017లో మొదలైంది. 9 నెలలు నిండాక ఒకటి, 16-24 నెలల మధ్య మరొకటి వేస్తారు. ఇది బ్రతికి ఉన్న, బలహీనపరచిన వైరస్‌తో చేసిన టీకా కనుక గర్భవతులకు వేయరు. వ్యాధితో పుట్టిన శిశువు లాలాజలం, మూత్రాలలో వైరస్ ఏడాది వరకు ఉండవచ్చు. రోగనిరోధక శక్తి లేని గర్భవతులు ఆ బిడ్డకు దూరంగా ఉండాలి.