పాత మేడలు - డంగుసున్నము

రఘునాథపల్లి ప్రాంతమున పాత గోడల ప్రసక్తి వచ్చినచో మొదట స్మరింపవలసినది ఖిలాషాపూర్. పదునెనిమిదవ శతాబ్ది తొలి సంవత్సరములలో సర్వాయి పాపన్న అచ్చట రాతితో, సున్నముతో కోట కట్టించినాడు. 1708లో ఓరుగల్లును కొల్లగొట్టిన ఆ వీరుడు 1710లో పట్టుబడి మరణించినాడు. ఆయన బురుజులు మాత్రము నిలిచినవి.

కోటను నిలిపిన ఆ సున్నమే జనులు కాపురముండు మేడలను గూడ నిలిపినది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద హైదరాబాదులో వేలాది ఇండ్లను తుడిచిపెట్టినది. ఆ పిమ్మట 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ చార్మినారు దారిలో పత్తర్‌గట్టి వరుసను తీర్చినది. ముందు కమానుల నడవ, వెనుక దుకాణములు, పైన నివాసములు. వీధివైపు మొగమంతయు గ్రానైటు రాయి.

ఇట్టి కట్టడములలో రాయి చెడుట అరుదు. చెడునది రాళ్ల నడుమనున్న సందు. పూర్వము సున్నపురాతిని బట్టీలో కాల్చి, నీట విరియించి, ఇసుక కలిపి, ఎద్దులు త్రిప్పు రాతిచక్రము క్రింద నూరెడివారు. బెల్లపునీరు, కరక్కాయ కషాయము చేర్చుటయు కలదు. అదియే డంగుసున్నము. గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా గ్రహించి అది తిరిగి రాయియగును. అయినను కొంత మెత్తదనము మిగుల్చుకొనును. గోడలోని చెమ్మను బయటికి పోనిచ్చును.

మేడమీది తూము పూడినచో కథ మొదలగును. నిలిచిన నీరు సందులలోని సున్నమును కడిగివేయును. ఆ ఖాళీలో పక్షి విడిచిన రావివిత్తు మొలచును. వేరు లావెక్కినకొలది రాయి బయటికి జరుగును. లోపలి ఇనుప దూలమునకు తుప్పు పట్టినచో మరింత చేటు. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు కోరును గదా!

ఇక సిమెంటు పూత. చూపునకు ఇది గట్టి మరమ్మతే. కాని అది చెమ్మను లోపలనే బంధించును. లోపలి సున్నము నానుచునే యుండును. పాతగోడకు ఉపకారమని తలచి చేయు అపకారములలో దీనికి మొదటి తాంబూలమీయవచ్చును.

2019 మే 1వ తేదీ రాత్రి చార్మినారు మీనారు గచ్చుపెల్ల రాలిపడినది. నాలుగు వందల యేండ్లు దాటిన కట్టడమునకే, అందునా ప్రభుత్వ సంరక్షణలోనున్న దానికే అట్లయినచో, పదిమంది వాటాదారులున్న మేడ మాటేమి? తూము పైవాటావారిది, తడియు గోడ క్రిందివారిది. ఖర్చెవరిదను తగవు తీరులోపల వర్షాకాలము రానే వచ్చును.

పని కష్టమైనది కాదు. తొలకరికి ముందు తూములు శుభ్రపరుపవలెను. మొక్కను కోసిన చాలదు, వేరు చావవలెను. గచ్చును చెక్కసుత్తితో తట్టి వినుడు: పట్టుగలది గట్టిగా పలుకును, విడిపోయినది డొల్లగా మ్రోగును. డొల్లచోటును తొలగించి, సందును లోతుగా గీకి, తడిపి, సున్నము కూరి, కొన్నాళ్లు తడి గోనె కప్పియుంచవలెను.

1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టు రాతిమొగమును ఇటీవల బాగుచేసి, 2020లో తిరిగి తెరచినారు. పత్తర్‌గట్టి పైవాటాలలో తూములు తీయించు పని ఏటేటా మిగిలియే యున్నది.