బర్క్‌లీ కట్టిన ముడి, బర్క్‌లీ విప్పిన ముడి

ఒక స్థలంలో ఒక్క ఇల్లే కట్టాలి, అందులో ఒక్క కుటుంబమే ఉండాలి. అమెరికా పట్టణాల్లో ఇళ్ల కోసం కేటాయించిన నేలలో ఎక్కువ భాగానికి చాలాకాలంగా ఇదే చట్టం. కింద ఓనరు, పైన రెండు వాటాలు అద్దెకు ఇచ్చే మన ఊరి ఇంటికి అక్కడ చాలా వీధుల్లో అనుమతే దొరకదు. ఈ నియమం పుట్టింది కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో. సుమారు లక్షా ఇరవై వేల జనం, ఒక పేరున్న విశ్వవిద్యాలయం, వెనక కొండలు, ఎదురుగా శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం. అదీ ఊరు. తాను వేసిన ముడిని తానే విప్పుకోవడానికి దానికి వందేళ్లు దాటింది.

1916లో అక్కడి ఎల్మ్‌వుడ్ పేటలో తొలిసారి ఈ ఒకే ఇంటి గీత గీశారు. దాని వెనకున్న వారిలో ముఖ్యుడు స్థిరాస్తి వ్యాపారి డంకన్ మెక్‌డఫీ. చిత్రమైన మనిషి. రెడ్‌వుడ్ మహావృక్షాలను కాపాడే ఉద్యమంలో ముందు నిలిచాడు. తన సంస్థ అమ్మిన ప్లాట్ల దస్తావేజుల్లో మాత్రం తెల్లవారు కానివారు అక్కడ ఉండరాదన్న షరతు రాయించాడు. దస్తావేజు షరతు ఆ ప్లాట్లకే పరిమితం. పేట మొత్తాన్ని కట్టడి చేయాలంటే పురపాలక చట్టం కావాలి. మరుసటి ఏడాదే, 1917లో, జాతిని బట్టి పేటలు విడదీయడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఒకే ఇంటి నియమంలో జాతి ఊసే లేదు కాబట్టి దానికి ఏ ఢోకా రాలేదు. ఇల్లు ఖరీదైతే చాలు, వడపోత దానంతటదే జరిగిపోతుంది. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ గ్రామం కేసులో అదే కోర్టు జోనింగ్‌ను, అంటే ఏ పేటలో ఏం కట్టాలో నిర్దేశించే పద్ధతిని, సమర్థిస్తూ, ఇళ్ల మధ్య లేచే అపార్ట్‌మెంట్లను పరాన్నజీవులతో పోల్చింది. ఇక ఆ గీత దేశమంతా పాకింది.

బర్క్‌లీలో జనం పెరుగుతూనే ఉన్నారు. 1960లలో బిల్డర్లు పాత చెక్క ఇళ్లను పడగొట్టి అగ్గిపెట్టెల్లాంటి అపార్ట్‌మెంట్లు లేపారు. అవి చూసి ఊరు మండిపడింది. 1973లో ఓటర్లే స్వయంగా ‘పేటల పరిరక్షణ’ చట్టం తెచ్చుకున్నారు. కోపంలో న్యాయం ఉంది, మందే మోతాదు మించింది. వికారమైన కట్టడాలతో పాటు మంచివీ ఆగిపోయాయి. అద్దెలు మాత్రం ఆగలేదు.

ఎత్తైన టవర్లు లేపకుండా ఎక్కువమందికి చోటివ్వడం ఎలా? ఈ చిక్కుప్రశ్నకు జవాబు ఆ వీధుల్లోనే నిలబడి ఉంది, ఎవరి కంటా పడకుండా. జోనింగ్ బిగుసుకోక ముందు కట్టిన నాలుగు వాటాల ఇళ్లు బర్క్‌లీలో ఇంకా మిగిలి ఉన్నాయి. బయటినుంచి చూస్తే పక్కింటికంటే కాస్త పెద్ద ఇల్లంతే. వసారాలో నాలుగు తపాలా పెట్టెలు కనిపిస్తే తప్ప లోపల నాలుగు కుటుంబాలున్నాయని తెలియదు. వాటిని కూల్చకపోవడం ఒక అదృష్టం. అక్కడే కార్యాలయం ఉన్న ఆర్కిటెక్టు డేనియల్ పారోలెక్ ఇలాంటి ఇళ్లన్నిటినీ ఒక జాతిగా గుర్తించి, 2010లో వాటికి ‘మిస్సింగ్ మిడిల్’ అని పేరు పెట్టాడు. ఒంటి ఇంటికీ టవరుకూ నడుమ ఉండాల్సినవి కనపడకుండా పోయాయని ఆయన మాట. అందరూ ముచ్చటపడే ఆ పాత ఇళ్లను అదే వీధిలో మళ్లీ కడదామంటే చట్టం ఒప్పుకోని చోట్లు ఎన్నో!

పేరు దొరికింది కానీ దారి సుగమం కాలేదు. హాస్కెల్ వీధిలో పాడుబడిన ఇల్లున్న ఒక స్థలంలో మూడు ఇళ్లు కడతామని ఒక బిల్డరు వచ్చాడు. నిబంధనలన్నీ సరిపోయాయి. అయినా ఇరుగుపొరుగు అభ్యంతరంతో 2016లో సిటీ కౌన్సిల్ కాదంది. ఇళ్లు కావాలనే ఉద్యమకారులు కోర్టుకెక్కారు. వాళ్ల చేతిలో ఉన్నది 1982 నాటి రాష్ట్ర చట్టం: నిబంధనలకు లోబడిన ఇంటిని ఊరు ఊరికే నిరాకరించకూడదని. కౌన్సిల్ రాజీకి వచ్చి, మళ్లీ కాదంది. 2017లో కోర్టు కౌన్సిల్‌కే మొట్టికాయ వేసింది. అదే ఏడాది ఒక కౌన్సిల్ సభలో ఒకావిడ తన పెరటి జుకినీ కాయలు పట్టుకొచ్చి, కొత్త కట్టడం నీడ పడితే తోట ఏమైపోవాలని అడిగింది. అద్దె కట్టలేక సతమతమవుతుంటే కాయల గురించా మాట్లాడేదని ఒక యువతి లేచి నిలదీసింది. దస్తాల కొద్దీ నివేదికలు చెప్పలేని సంగతి ఆ రెండు మాటల్లో ఉంది. కాయల మీద మనసున్నావిణ్ణి తప్పుపట్టలేను. కానీ సభకు తీరిగ్గా రాగలిగేది ఎప్పుడూ ఇల్లున్నవాళ్లే.

ఈలోగా ఇతరులు ముందుకెళ్లారు. 2018 డిసెంబరులో మినియాపొలిస్ నగరం ఏ స్థలంలోనైనా మూడు వాటాల ఇంటికి ఒప్పుకుంది. 2019లో ఒరెగాన్ రాష్ట్రం పెద్ద పట్టణాలన్నిటికీ అలాంటి చట్టమే చేసింది. పుట్టిల్లు మాత్రం వెనకబడింది. బర్క్‌లీ కౌన్సిల్‌లో లోరీ డ్రోస్టే వంటి సభ్యులు 2019 నుంచి పట్టువిడవక తిరిగితే, 2021 ఫిబ్రవరిలో కౌన్సిల్ తన చరిత్రలోని జాతి వివక్షను ఒప్పుకుంటూ పాత నియమాన్ని ఎత్తివేయాలని తీర్మానించింది. 2022 ఆఖరుకల్లా అన్న గడువు దాటిపోయింది. విచారణలు, సవరణలు, మళ్లీ విచారణలు.

చివరికి 2025 జూన్ 26 రాత్రి ఓటింగ్‌లో కౌన్సిల్ మార్పుకు ఒప్పుకుంది. అయిదు వేల చదరపు అడుగుల స్థలంలో, అంటే మన లెక్కన దాదాపు 555 గజాల్లో, ఎనిమిది వాటాల దాకా కట్టుకోవచ్చు, మూడంతస్తులు మించకుండా. చట్టం ఉన్నంత మాత్రాన ఇల్లు లేవదు. వడ్డీ, కలప, కూలి లెక్క చూసుకున్నాకే బిల్డరు కదులుతాడు. కొండల మీది పేటలను అగ్నిప్రమాద భయంతో పక్కన పెట్టారు. 1923లో మంటలు ఆ వైపునుంచే దిగివచ్చి 600కు చేరువగా ఇళ్లను బూడిద చేశాయి కాబట్టి భయం ఉత్తది కాదు. సంపన్నుల ఇళ్లు ఎక్కువున్నదీ ఆ కొండల మీదే. వాటి సంగతి తర్వాత చూద్దామని కౌన్సిల్ వాయిదా వేసింది.